క్వారీ ఆగకుండా నడవాలంటే ఊరి బాధ్యత, కూలీల బాధ్యత ఎలా తీసుకోవాలి

మీకు చీమకుర్తి వైపో, కరీంనగర్ చుట్టుపక్కలో గ్రానైట్ క్వారీ ఉండొచ్చు. లేదంటే రోడ్డు పనులకు కంకర తోలే క్రషర్ ఉండొచ్చు. ఏదైనా సరే, పోయిన ఏడాది మీ దగ్గర పని ఎన్ని రోజులు ఆగిందో, ఎందుకు ఆగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. రాయి దొరక్క ఆగిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊళ్లోంచి టిప్పర్లు వెళ్లడానికి వీల్లేదని రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్ పెట్టిన రోజు, ఎవరికో దెబ్బ తగిలి అధికారులు పని ఆపించిన రోజులు, పండక్కి ఊరెళ్లిన ఒడిశా కూలీలు తిరిగి రాని వారాలు, పొల్యూషన్ బోర్డు నోటీసు వచ్చిన నెల... ఎక్కువగా ఇవే ఉంటాయి.

నేను క్వారీ ఆఫీసుల్లో, క్రషర్ల దగ్గర చాలా ఏళ్లు లెక్కలు రాశాను. సామాజిక బాధ్యత అనగానే యజమానులకు మొదట గుర్తొచ్చేది బస్ షెల్టర్, దాని మీద తమ పేరు. ఆ తర్వాత గుడికి చందా, పిల్లలకు బ్యాగులు. ఇవ్వండి, తప్పులేదు. కానీ మీ గొయ్యి వల్ల ఊరికి కలిగే నష్టం వాటితో ఒక్క పిసరు కూడా తగ్గదు. నష్టాన్ని తగ్గించే ఖర్చు వేరే ఉంది. పని ఆగిన రోజులను తగ్గించేది ఆ ఖర్చే. అది ఏ వరుసలో పెట్టాలో చెబుతాను.

ముందు ఆగిన రోజుల లెక్క రాయండి

ఒక పొడవాటి రిజిస్టర్ తీసుకుని నాలుగు గడులు గీయండి: తేదీ, ఎన్ని గంటలు ఆగింది, ఎందుకు, ఎంత పోయింది. పోయిన డబ్బు అంటే ఆ రోజు అమ్మకం ఒక్కటే కాదు. ప్రొక్లెయిన్ ఈఎంఐ, కంప్రెసర్ అద్దె, ఖాళీగా నిలబడ్డ టిప్పర్ల వెయిటింగ్, డ్రైవర్ల బత్తా, టైముకు కంకర అందలేదని కాంట్రాక్టర్ బిల్లులో కోసుకున్న మొత్తం అన్నీ రాయండి. కారణం రాసేటప్పుడు 'గొడవ' అని ఒక్క మాటతో వదిలేయకండి. 'స్కూలు వదిలే టైముకు మూడు టిప్పర్లు వరసగా వెళ్లాయి, ఒక పిల్లాడు సైకిల్ మీంచి పడ్డాడు' అని రాయండి. ఏం చేయాలో ఆ వాక్యమే చెబుతుంది.

ఏడాది చివర ఈ రిజిస్టర్ తీసి కూడితే వచ్చే మొత్తమే మీ బడ్జెట్‌కు ఆధారం. ఎంత ఖర్చు పెడితే ఎన్ని రోజులు మిగిలాయో మరుసటి ఏడాది ఇదే పుస్తకం చూపిస్తుంది. 'మంచి చేస్తే లాభం వస్తుందా, లాభాలున్నవాళ్లే మంచి చేస్తారా' అన్న ప్రశ్న చాలా పాతది. 1997లో వాడాక్, గ్రేవ్స్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా కంపెనీల లెక్కలు తీసి చూస్తే రెండు వైపులా సంబంధం కనిపించింది: చేతిలో డబ్బున్న కంపెనీలు బాధ్యతగా ఉంటున్నాయి, బాధ్యతగా ఉన్న కంపెనీల ఫలితాలు తర్వాత బాగుంటున్నాయి. అవి పెద్ద కంపెనీల సంగతులు. మీ క్వారీకి సంబంధించిన జవాబు మీ రిజిస్టర్‌లోనే దొరుకుతుంది.

చట్టం మిమ్మల్ని ఏం అడుగుతుందో తెలుసుకోండి

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) ఖర్చు గురించి చెప్పే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ అందరికీ వర్తించదు. ముందటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ రూ.500 కోట్లు గానీ, టర్నోవర్ రూ.1000 కోట్లు గానీ, నికర లాభం రూ.5 కోట్లు గానీ ఉన్న కంపెనీ మాత్రమే గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. మన దగ్గర ఎక్కువ క్వారీలు భాగస్వామ్య సంస్థలు, లేదా ఒక్కరి పేరున ఉన్నవి. వాటికి ఆ సెక్షన్ వర్తించదు. అంతమాత్రాన మీకు బాధ్యత లేదని అనుకోకండి, లాభంలో ఇంత శాతమని చెక్కు రాసే పద్ధతి మీకు లేదు, అంతే.

సెక్షన్ వర్తించేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. క్రషర్‌కు నీళ్ల స్ప్రే పెట్టడం, మీ కూలీలకు బూట్లు కొనడం సీఎస్ఆర్ లెక్కలోకి రావు. అవి వ్యాపారం నడపడానికి పెట్టే మామూలు ఖర్చులు. సీఎస్ఆర్ కింద పెట్టిన డబ్బును ఆదాయపు పన్ను లెక్కలో వ్యాపార ఖర్చుగా చూపలేరు, మామూలు ఖర్చులను చూపొచ్చు. మీ ఆడిటర్‌తో కూర్చుని ఈ రెండింటినీ విడివిడిగా రాయించుకోండి. రెండూ కలిపేసి చివరికి ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను.

రాయల్టీతో పాటు జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు మీరు కట్టే మొత్తం కూడా ఉంది. 2015లో గనులు, ఖనిజాల చట్టాన్ని (ఎంఎండీఆర్) సవరించి ఈ ఫౌండేషన్లను తెచ్చారు. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసమే ఆ నిధి. చాలామంది యజమానులు కట్టి మర్చిపోతారు. అలా వదిలేయకండి. మీ ఊరికి ఆ నిధిలోంచి ఏం వచ్చిందో అడగండి, గ్రామసభలో తీర్మానం చేయించి మంచినీళ్లకో, ఆరోగ్య కేంద్రానికో అర్జీ పెట్టించండి. మీ డబ్బు మీ పక్క ఊరికే చేరుతుంది.

పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగి ఉంటే, ఆ రోజు మీ మనిషి మైకులో ఏమేం ఒప్పుకున్నాడో కాగితం తీసి చదవండి. 2020 సెప్టెంబర్ 30న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన మెమో ప్రకారం అక్కడ ఇచ్చిన మాటలు పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో భాగం కావాలి. చెరువు పూడిక తీయిస్తామని చెప్పి ఉంటే అది దానం కింద రాదు, మీ అనుమతిలో ఉన్న షరతు.

ఏజెన్సీ ప్రాంతాల సంగతి వేరు. అనంతగిరి మండలం బొర్రా దగ్గరి గనుల మీద మొదలైన సమత కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు, గిరిజనేతరులకు అక్కడ మైనింగ్ లీజులు ఇవ్వడం చెల్లదని చెప్పింది. అదే తీర్పులో, లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్లకు, బడులకు, ఆస్పత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా రాసింది. దేశంలో సీఎస్ఆర్ చట్టం రావడానికి పదహారేళ్ల ముందు మన గడ్డ మీది కేసులో వచ్చిన మాట ఇది.

మొదటి రూపాయి గొయ్యిలోనే ఖర్చు పెట్టండి

2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఆరుగురు చనిపోయారు. అందరూ ఒడిశా నుంచి పనికి వచ్చినవాళ్లు. 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లె దగ్గర క్వారీలో జెలటిన్ స్టిక్స్ దించుతుంటే పేలుడు జరిగి పదిమంది పోయారు. ఇలాంటి రోజు వచ్చాక మీరు ఊరికి ఎన్ని బస్ షెల్టర్లు కట్టారని ఎవరూ అడగరు. అడగకూడదు కూడా.

బెంచీలతో, అంటే గొయ్యి గోడను మెట్లు మెట్లుగా కోయడంతో, మొదలుపెట్టండి. గట్టి రాయిలో అయినా బెంచి ఎత్తు 6 మీటర్లు దాటకూడదని 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. అంతకు మించాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. నిటారుగా గోడలా దింపుకుంటూ పోతే పైనున్న మట్టి తీసే ఖర్చు మిగులుతుందని మేస్త్రీలు చెబుతారు. వినకండి. వానపడ్డ మర్నాడు ఎవరినీ గొయ్యిలోకి దించకముందే ఒక అనుభవజ్ఞుడు పైనుంచి చుట్టూ తిరిగి చూడాలి: కొత్తగా నెర్రె కనిపించిందా, నిన్న పొడిగా ఉన్న పగులులోంచి నీళ్లు కారుతున్నాయా, కింద కొత్తగా చిన్న రాళ్లు రాలి ఉన్నాయా. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ వైపు పని ఆపాలి. 'ఆపు' అనే అధికారం ఆ మనిషికి నిజంగా ఇవ్వండి. ఆపినందుకు ఒక్కసారి తిట్టారంటే రెండోసారి ఆపడు.

తర్వాత దుమ్ము. పొడి డ్రిల్లింగ్‌లో జాక్‌హామర్ పట్టుకున్న కుర్రాడి కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు మధ్యాహ్నానికే తెల్లబడతాయి. కంటికి కనిపించే ఆ తెలుపు కంటే, కనిపించకుండా ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి సిలికా పొడి ఎక్కువ ప్రమాదం. ఆ పొడితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ వస్తే తగ్గించే మందు లేదు. క్షయ కూడా తొందరగా పట్టుకుంటుంది. డ్రిల్ రాడ్ గుండా నీళ్లు పంపే తడి డ్రిల్లింగ్‌తో దుమ్ము పుట్టినచోటే అణుగుతుంది. రుమాలు కట్టుకోమనడం రక్షణ కాదు. చీమకుర్తి గెలాక్సీ రాయిని వ్యాపారంలో గ్రానైట్ అన్నా, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి, అందులో క్వార్ట్జ్, అంటే సిలికా ఖనిజం, తక్కువ. కరీంనగర్ వైపు దొరికేవి అసలైన గ్రానైట్లు, క్వార్ట్జ్ ఎక్కువ. మీ రాయిలో సిలికా ఎంతో ల్యాబ్‌లో ఒకసారి పరీక్ష చేయించి తెలుసుకోండి. ప్రతి మనిషికీ పనిలో చేర్చుకునేముందు ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించండి. ఆ తర్వాత ఏటా చేయించడం మంచిది. ఫిల్మ్ కాపీ కూలీ చేతికి ఇవ్వండి. ఆ శరీరం అతనిది.

కూలీల విషయంలో ఇంకొకటి. ఊళ్ల నుంచి మనుషుల్ని తెచ్చే మేస్త్రీకి అడ్వాన్సు ఇస్తారు, అతను కుటుంబాలకు ఇస్తాడు. ఆ అప్పు తీరేదాకా కదలడానికి లేదని ఎవరైనా అంటే అది 1976 చట్టం నిషేధించిన వెట్టిచాకిరీ. అడ్వాన్సు ఇవ్వాల్సి వస్తే నేరుగా కూలీ బ్యాంకు ఖాతాకే ఇవ్వండి, ఎంత ఇచ్చారో అతని భాషలో కాగితం మీద రాసివ్వండి, జీతం పూర్తిగా అతని చేతికే చేరేలా చూడండి. షెడ్డులో ఫ్యాను, మరుగుదొడ్డి, ఆడవాళ్లు స్నానం చేయడానికి తలుపున్న గది ఉండాలి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద వాళ్ల కార్డు మీద ఇక్కడి డిపోలోనే బియ్యం తీసుకోవచ్చు. మీ గుమస్తాను ఒకరోజు వాళ్ల వెంట పంపిస్తే చాలు. ఇవి సరిగ్గా ఉన్నచోట కూలీలు పండగ అయ్యాక తిరిగి వస్తారు. అనుభవమున్న డ్రిల్లర్ రాకపోతే బ్లాక్ ఎన్ని ముక్కలవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

దుమ్ము కంచె దాటకుండా చూడండి

నేను లెక్కలు రాసిన ఒక క్రషర్ పక్కనే మిరప కల్లాలు ఉండేవి. ఒక ఫిబ్రవరి ఉదయం ఒక పెద్దావిడ కొంగులో కాయలు మూటగట్టుకొచ్చి నా టేబుల్ మీద పోసింది. జగ్గులోంచి నాలుగు చుక్కలు చేతిలో వేసుకుని ఒక కాయను రుద్దింది. రుద్దిన మేర ఎర్రగా తేలింది, మిగతాది బూడిద రంగులోనే ఉంది. "ఇది మిరపకాయా, పొయ్యిలో పొర్లిన కాయా, నువ్వే చెప్పు నాయనా. యార్డులో రేటు కోశారు" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ వారం డీజిల్ మిగులుతుందని, దుమ్ము అణిచే నీళ్ల ట్యాంకర్ తిప్పడం ఆపించారు. ఆ సంగతి లెక్కల్లో నేనే రాశాను. తర్వాతి వారం కల్లాల వాళ్లంతా గేటు ముందు కూర్చున్నారు, నాలుగు రోజులు క్రషర్ నడవలేదు. మిగిలిన డీజిల్ ఎంత, పోయిన నాలుగు రోజుల విలువ ఎంత అని పక్కపక్కన రాసి యజమానికి చూపించాను. ఆ తర్వాతే కన్వేయర్‌కు రేకులు పడ్డాయి.

రాయి పగిలేచోట, జల్లెడ దగ్గర, డస్ట్ కిందికి రాలేచోట నీళ్ల నాజిల్స్ పెట్టండి. జల్లెడను, కన్వేయర్‌ను రేకులతో మూయండి. గాలి వచ్చే వైపు గోడ కట్టండి. లోపలి రోడ్డును గట్టి రోడ్డుగా వేసి రోజూ ఊడ్చి తడపండి. చుట్టూ చెట్లు పెంచండి. ఇవన్నీ క్రషర్లకు కేంద్ర నిబంధనల్లో ఎప్పటినుంచో ఉన్నవే. యూనిట్ నుంచి 40 మీటర్ల దూరంలో, మీ వల్ల గాలిలో చేరే దుమ్ము ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములకు లోపు ఉండాలి. నాజిల్స్ తొందరగా మూసుకుపోతాయి. వాటిని వారానికోసారి విప్పి కడిగే పని ఎవరిదో పేరు రాసి గోడకు అంటించండి. పేరు లేని పని ఎవరూ చేయరు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా, కల్లాల కాలంలో, నీళ్లు రెట్టింపు పెట్టండి. టిప్పర్‌పై పట్టా కప్పకుండా గేటు దాటనివ్వకండి.

పేలుడుకు ముందే గోడల ఫొటోలు తీయండి

పగుళ్ల గొడవ క్వారీ పెట్టిన ప్రతిచోటా వస్తుంది. పాత పగులా, కొత్త పగులా అని తేల్చలేక రెండు పక్షాలూ ఏళ్ల తరబడి కొట్లాడతాయి. దీనికి చవకైన మందు ఒకటుంది. పని మొదలుపెట్టకముందే దగ్గరి ఇళ్లన్నిటికీ వెళ్లి, ఇంటివాళ్ల ఎదుటే, లోపలా బయటా గోడల ఫొటోలు తేదీతో తీయండి. ఉన్న పగుళ్ల మీద అడ్డంగా సన్నటి గాజు ముక్కను సిమెంటుతో అతికించి తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఫొటోల నకళ్లు ఇంటివాళ్లకు ఇచ్చి సంతకం తీసుకోండి.

గని భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం, యజమానివి కాని మామూలు ఇళ్ల దగ్గర భూమి కంపనం సెకనుకు 5 మిల్లీమీటర్ల నుంచి 15 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. కంపనం ఫ్రీక్వెన్సీ తక్కువైన కొద్దీ పరిమితి కూడా తగ్గుతుంది. కొలిచే యంత్రం అద్దెకు తెప్పించి సర్పంచ్ ఎదుట, ఆ ఇంటి గుమ్మం దగ్గరే పెట్టి కొలవండి. అంకె ఎక్కువొస్తే ఒక్కసారి పేల్చే మందు తగ్గించండి. గాజు పగిలితే గోడ మీరే బాగు చేయించండి, బేరం పెట్టకండి. పేల్చే టైము ఒకటే ఉండాలి, ముందు సైరన్ మోగాలి. ఊళ్లో చావు గానీ పెళ్లి గానీ ఉంటే ఆ రోజు మానేయండి. బ్లాక్ తీసే క్వారీ అయితే డైమండ్ వైర్ సా (వజ్రపు పూసల తీగతో రాయిని కోసే యంత్రం) వైపు వెళ్లండి. పేలుడు తగ్గుతుంది, రాయిలో కంటికి కనిపించని పగుళ్లు తగ్గుతాయి, వేస్టుగా డంప్‌లోకి పోయే రాయి కూడా తగ్గుతుంది. ఊరికి మంచిది మీ గల్లాపెట్టెకూ మంచిదయ్యే చోటు ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు.

ఊరితో మాట్లాడే మనిషిని పెట్టండి

నలుగురు పెద్దమనుషుల్ని పిలిచి మాట్లాడేసి 'ఊరు ఒప్పుకుంది' అనుకోవడం అందరూ చేసే తప్పు. దుమ్ము పీల్చేది పెద్దమనుషులు కాదు, రోడ్డు పక్క ఇళ్లవాళ్లు. గేటు దగ్గర ఒక ఫిర్యాదుల పుస్తకం, ఒక ఫోన్ నంబర్ పెట్టండి. చదువురానివాళ్లు చెబితే మీ మనిషి రాసి చదివి వినిపించాలి. వారంలోపు జవాబు ఇవ్వండి, కుదరకపోతే కుదరదని కారణంతో చెప్పండి. స్కూలు మొదలయ్యే, వదిలే టైముల్లో ఒక గంట చొప్పున టిప్పర్లు ఆపండి. మూడు నెలలకోసారి గ్రామసభలో ఏం అడిగారు, ఏం చేశారు చదివించండి. గొయ్యిలోంచి తోడిపోసే నీళ్లను పరీక్ష చేయించి, బాగుంటే చెరువుకు మళ్లించండి. వేసవిలో ఊరు గుర్తుపెట్టుకునే సాయం అదే.

విదేశాలకు అమ్మేవాళ్లకు ఈ పుస్తకాలన్నీ ఇంకో రకంగా పనికొస్తాయి. మన నల్లరాయి యూరప్‌లో సమాధి రాళ్లుగా వెళ్తుంది. జర్మనీలో కొన్ని రాష్ట్రాలు సమాధి రాయి వెనక బాలకార్మికులు లేరన్న రుజువు అడుగుతున్నాయి. సరఫరా చేసేవాళ్ల దగ్గర మానవ హక్కులు ఎలా ఉన్నాయో పెద్ద కంపెనీలే చూడాలనే చట్టం అక్కడ 2023 జనవరి 1న అమల్లోకి వచ్చింది. నెదర్లాండ్స్, బెల్జియంలోని ఫ్లాండర్స్ రాతి వ్యాపారులు, ప్రభుత్వాలు, సంఘాలు కలిసి రాతి వ్యాపారం బాధ్యతగా సాగాలని 2019లో ట్రూస్టోన్ అనే ఒప్పందం చేసుకున్నాయి. కొనేవాడి మనిషి తనిఖీకి వస్తున్నాడని తెలిశాక హాజరు పట్టీ కూర్చుని రాస్తే ఇట్టే దొరికిపోతుంది. ఒకే సిరా, ఒకే చేతిరాత. ఏ రోజుది ఆ రోజు రాసిన రిజిస్టర్, ఎక్స్‌రే ఫైలు, జీతాల బ్యాంకు స్లిప్పులు ఉంటే తనిఖీ అంటే టెన్షన్ పడక్కర్లేదు.

గొయ్యి మూసే డబ్బు ఇప్పటినుంచే పక్కన పెట్టండి

లీజు అయిపోయాక వదిలేసిన గుంతల్లో వానాకాలం నీళ్లు నిండుతాయి. వేసవి సెలవుల్లో పిల్లలు ఈతకు దిగుతారు. నిటారు గోడలు కాబట్టి మునిగినవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఇలాంటి వార్త మన పేపర్లలో రాని వేసవి లేదు. అమ్మే ప్రతి క్యూబిక్ మీటరు మీద కొంత తీసి విడి ఖాతాలో వేయండి. చివరి ఏడాది గొయ్యికి ఒక పక్క నడిచి ఎక్కేలా వాలు చేయించండి. డంప్‌లోని వేస్టు రాయితోనే చుట్టూ నడుమెత్తు గోడ కట్టించి, పైన ముళ్లకంచె వేయించండి. ఎక్కడెక్కడ ఎంత లోతుందో కొలిచి మ్యాప్ గీయించండి. ఒక నకలు పంచాయతీ ఆఫీసులో ఇవ్వండి, ఇంకోటి పెద్దది చేయించి బడి గోడకు పిల్లల కంటికి అందే ఎత్తులో తగిలించండి.